టాంగో క్లాసుకూ మిలోంగాకూ మధ్య దూరం

టాంగో నేర్చుకోవడం మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది మధ్యలోనే మానేస్తారు. నేర్పేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. అడుగులు ఎక్కడం లేదనో, తీరిక దొరకలేదనో, జోడీ కుదరలేదనో కారణాలు చెబుతుంటారు. వాటిలో నిజం లేకపోలేదు. కానీ ఎక్కువమంది ఆగిపోయే చోటు మాత్రం ఒక్కటే. క్లాసులో నాలుగైదు విన్యాసాలు పట్టుబడ్డాక, ధైర్యం చేసి మొదటిసారి మిలోంగాకు, అంటే టాంగో చేయడానికి జనం కలిసే సాయంత్రానికి, వెళ్తారు. సగం రాత్రి కుర్చీలోనే గడిచిపోతుంది. ఎవరో ఒకరు జోడీ కలిస్తే, క్లాసులో చక్కగా వచ్చిన విన్యాసం మొదలుపెట్టడానికే అక్కడ చోటుండదు. మొదలుపెట్టినా అవతలి మనిషికి అందదు. నెలల తరబడి నేర్చుకున్నది ఇదా అనిపిస్తుంది. తర్వాతి వారం క్లాసుకు పోబుద్ధి కాదు.

నేర్చుకున్నవాళ్ల తెలివిలో లోపమేమీ లేదు. క్లాసు అవసరాలు వేరు, మిలోంగా అవసరాలు వేరు. క్లాసు గంటలో ఏదో ఒకటి నేర్పి పంపాలి, లేకపోతే డబ్బు కట్టినవాళ్లు మళ్లీ రారు. అందుకే అక్కడ విన్యాసాలకు గిరాకీ. మిలోంగాలో జరగాల్సింది ఇంకొకటి. ముక్కూమొహం తెలియని ఇద్దరు కౌగిలించుకుని, కిక్కిరిసిన హాల్లో, ముందుగా ఏమీ అనుకోకుండా, పక్కవాళ్లకు తగలకుండా ఓ పన్నెండు నిమిషాలు డాన్స్ చేసి, ఏ ఇబ్బందీ లేకుండా విడిపోవాలి. అలా జరగాలంటే కొన్ని ఏర్పాట్లు కావాలి. కొత్తవాళ్లకు వింతగా కనిపించే టాంగో మర్యాదలన్నీ ఆ ఏర్పాట్లే. వాటిని ఆచారాలుగా కాక పనిముట్లుగా చూస్తే, ముందు ఏది నేర్చుకోవాలో, దేన్ని తర్వాతకు వదిలేయవచ్చో తేలిగ్గా తెలుస్తుంది.

ఏ టాంగో?

టాంగో పేరుతో మూడు రకాల నృత్యాలు చలామణీలో ఉన్నాయి. ఒకటి బాల్‌రూమ్ పోటీల్లో కనిపించేది. 20వ శతాబ్దం మొదట్లో యూరప్‌కు చేరిన టాంగోను 1920ల నుంచి ఇంగ్లండ్ డాన్స్ మాస్టర్లు ఓ ప్రామాణిక చట్రంలో బిగించారు. తల ఠక్కున పక్కకు తిప్పడం లాంటివి అందులో చేరాయి. రెండోది స్టేజీ టాంగో. కాళ్లు గాల్లోకి లేస్తాయి, ప్రతి కదలికా ముందే కూర్చుకున్నది, చూసేది ప్రేక్షకులు. మూడోది సోషల్ టాంగో. ఇది చేసే ఇద్దరి కోసం, ఆ పాట వినిపించిన క్షణంలో పుట్టేది. బ్యూనస్ ఎయిర్స్‌లో 2003 నుంచి జరుగుతున్న ప్రపంచ టాంగో పోటీలు కూడా స్టేజీ టాంగోను, ఫ్లోర్ మీది టాంగోను వేర్వేరు విభాగాలుగా పెట్టాయి. పెదాల మధ్య గులాబీ పట్టుకునే టాంగో మాత్రం మిలోంగాల్లో ఎవరికీ కనిపించదు.

క్లాసులో చేరేముందు నేర్పేది ఏ టాంగో అని అడగడం చిన్నతనమేమీ కాదు. టీచర్ పోటీల్లో ఎన్ని పతకాలు గెలిచారన్న దానికన్నా, తమ విద్యార్థులతో కలిసి మిలోంగాలకు వెళ్తారా లేదా అన్నది ఎక్కువ పనికొచ్చే ప్రశ్న.

గొలుసు తెగిన చోటు

టాంగో 19వ శతాబ్దం చివర్లో రియో దె లా ప్లాటా నదీముఖం మీది రెండు రేవు నగరాల్లో, బ్యూనస్ ఎయిర్స్, మాంటెవీడియోల్లో పుట్టింది. ఆఫ్రికా సంతతి నల్లవారి కందోంబె లయ, క్యూబా నుంచి వచ్చిన హబనేరా నృత్య సంగీతం, పల్లె గాయకుల మిలోంగా పాటలు (డాన్స్ సాయంత్రానికీ ఈ పాటల రకానికీ పేరు ఒకటే), ఇటలీ స్పెయిన్‌ల నుంచి ఓడ దిగిన వలసజనం బాణీలు అందులో కలిసిపోయాయి. జర్మనీ నుంచి వచ్చిన బాండోనియన్ అనే తిత్తుల వాద్యం దాని గొంతయింది. 1914 జనాభా లెక్కల నాటికి బ్యూనస్ ఎయిర్స్ జనంలో దాదాపు సగం విదేశాల్లో పుట్టినవాళ్లు. వలస వచ్చినవాళ్లలో మగవాళ్ల సంఖ్యే ఎక్కువ. 2009లో టాంగోను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు అర్జెంటీనా, ఉరుగ్వే ఉమ్మడిగా దరఖాస్తు చేసుకోవడానికి కారణం ఈ ఉమ్మడి పుట్టుకే.

నేర్చుకోవడం విషయంలో చూడాల్సింది 1935 ప్రాంతం. హువాన్ దారియెన్సో ఆర్కెస్ట్రా గట్టి దరువుతో కుర్రకారును ఫ్లోర్ మీదికి లాగింది. అక్కడి నుంచి 1950ల నడుమ దాకా సాగినదాన్నే టాంగో స్వర్ణయుగం అంటారు. పేటపేటకూ క్లబ్బులుండేవి. కుర్రాళ్లు ప్రాక్టికా అనే సాధన కూటాల్లో తోటి మగవాళ్లతోనే నేర్చుకునేవారు. కొత్తగా వచ్చినవాడు ముందు ఫాలో అవ్వాలి. పెద్దవాళ్లు వాడిని నడిపిస్తూ నెలలు గడిపేవారు. లీడ్ చేసే అవకాశం ఆ తర్వాతే. ఆడపిల్లలు ఇంట్లో అక్కచెల్లెళ్లతో, అన్నదమ్ములతో నేర్చుకునేవారు. ఆ తరం మిలోంగా మనుషులు చెప్పిన జ్ఞాపకాల్లో ఈ సంగతి పదేపదే వినిపిస్తుంది. ఈ పద్ధతిలో ఓ సుళువుంది. తొలిసారి మిలోంగాలో అడుగుపెట్టే నాటికే కుర్రాడికి చెడ్డ లీడ్ అంటే ఏమిటో తన వీపుకూ పాదాలకూ తెలిసి ఉండేది. పక్కనే కూర్చుని చూస్తూ పెరిగాడు కాబట్టి మర్యాదలు ఎవరూ పాఠంగా చెప్పాల్సిన పని ఉండేది కాదు.

1955లో అర్జెంటీనా అధ్యక్షుడు పెరాన్ ప్రభుత్వాన్ని సైన్యం కూల్చేసింది. ఆ తర్వాతి ఏళ్లలో రాజకీయ వాతావరణమూ మారింది, కుర్రకారు అభిరుచీ రాక్ అండ్ రోల్ వైపు మళ్లింది. మిలోంగాలు పలచబడ్డాయి. దాదాపు ఒక తరం టాంగో నేర్చుకోకుండానే గడిచిపోయింది. మళ్లీ ఊపు వచ్చింది 1983లో. అర్జెంటీనాలో ప్రజాస్వామ్యం తిరిగొచ్చిన ఏడాదే ‘టాంగో అర్జెంటీనో’ ప్రదర్శన పారిస్‌లో మొదలైంది, 1985లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేకు చేరింది. చూసినవాళ్లు తామూ నేర్చుకుంటామన్నారు. అయితే వాళ్లు చూసింది స్టేజీ టాంగో. దూరదేశాల్లో పేట క్లబ్బుల్లేవు, నడిపించే పెద్దలు లేరు. ఆ లోటంతా పూడ్చే బాధ్యత క్లాసు మీద పడింది. క్లాసు అడుగుల వరకు నేర్పగలిగింది. 1990ల్లో అర్జెంటీనా డాన్సర్లు గుస్తావో నవేరా, ఫాబియాన్ సాలస్ లాంటివాళ్లు టాంగో కదలికలను విడదీసి, ఏ అడుగు నుంచి ఏ అడుగుకు వెళ్లవచ్చో శోధించి చూడటంతో నేర్పే పద్ధతికి గట్టి పునాది పడింది. అడుగుల వ్యాకరణం దొరికింది గానీ, సాధన కూటం చేసే పని అలాగే మిగిలిపోయింది.

మొదట నడక

అడుగుల సరుకు నిజానికి చాలా తక్కువ. ముందుకు, పక్కకు, వెనక్కు: ఒక కాలు వేయగల అడుగులు ఈ మూడే. వాటికి పాదం మీద తిరగడాన్ని జోడిస్తే ఓచో వస్తుంది. ఒకరి చుట్టూ మరొకరు ఈ అడుగులనే వరసగా వేస్తే హీరో (స్పానిష్‌లో giro) అనే చుట్టు వస్తుంది. మిగతా పేర్లన్నీ వీటి కలయికలే. రెండు మూడు క్లాసుల్లో ఇవన్నీ చూపించేయవచ్చు. చూపించడానికీ ఒంటికి పట్టడానికీ మధ్య మాత్రం ఏళ్లు పడతాయి.

ఒక్క అడుగును దగ్గరగా చూస్తే ఆ ఏళ్లు ఎందుకో అర్థమవుతుంది. ఇద్దరూ ఎదురెదురుగా, ఛాతీలు దాదాపు ఆనుకుని నిలబడ్డారు. లీడర్ బరువంతా కుడికాలి మీద ఉంది, ఫాలోవర్ బరువు ఎడమకాలి మీద. లీడర్ ఎడమకాలు ఇంకా కదల్లేదు, ఛాతీ మాత్రం రవ్వంత ముందుకు వచ్చింది. ఆ రవ్వంత ఒత్తిడి తగలగానే ఫాలోవర్ కుడికాలు తుంటి దగ్గర్నుంచి వెనక్కు సాగుతుంది. అయితే బరువు ఇంకా దాని మీద పడలేదు. లీడర్ బరువు మార్చినప్పుడే తనూ మారుస్తారు. ఈ సాగడానికీ బరువు పడటానికీ మధ్య ఉన్న వ్యవధిని ఎంతైనా లాగవచ్చు, ఎంతైనా కుదించవచ్చు. పాటలో వయొలిన్ సాగదీస్తుంటే అక్కడే ఆగవచ్చు, పియానో దరువు వేస్తే ఠక్కున దిగవచ్చు. లీడర్ చేతులతో తోస్తే ఈ వ్యవధి చచ్చిపోతుంది. ఫాలోవర్ ముందే ఊహించి అడుగు వేసేసినా అంతే. టాంగోలో ఇద్దరి మధ్య జరిగే మాటామంతీ అంతా ఈ సందులోనే జరుగుతుంది. విన్యాసాలెన్ని వచ్చినా ఈ సందు తెరుచుకోకపోతే అవతలి మనిషికి తనతో ఎవరో కసరత్తు చేయిస్తున్నట్టే ఉంటుంది.

మామూలుగా మొదటి క్లాసులో నేర్పే ఎనిమిది అడుగుల ‘బేసిక్’ సంగతి చూడండి. అందులో లీడర్ తొలి అడుగే వెనక్కు. మిలోంగాలో జంటలన్నీ గడియారం ముల్లుకు ఎదురు దిశలో హాలు చుట్టూ తిరుగుతుంటాయి. వెనక్కు వేసే అడుగు నేరుగా వెనక వస్తున్న జంట మీదికి పోతుంది. క్లాసులో హాయిగా వచ్చిన మొదటి పాఠమే మిలోంగాలో మొదటి తప్పయి కూర్చుంటుంది! చాలామంది టీచర్లు ఇప్పుడు ఆ అడుగును వదిలేసి, పక్క అడుగుతోనో నడకతోనో మొదలుపెడుతున్నారు. ఇంకా పాత పద్ధతిలోనే నేర్పుతున్న క్లాసులకూ కొదవ లేదు.

కౌగిలి విషయంలో కొత్తవాళ్లకు బెరుకు ఎక్కువ. ఛాతీలు ఆనే దగ్గరి కౌగిలి, మధ్య ఖాళీ ఉంచే తెరిచిన కౌగిలి రెండూ చెల్లుతాయి. ఎవరికి ఏది సౌకర్యమన్నది మాట్లాడుకోకుండానే మొదటి పాటలో తేలుతుంది. దగ్గరికి రావాలో వద్దో నిర్ణయించే హక్కు సాధారణంగా ఫాలోవర్‌ది. గట్టిగా చెప్పాల్సింది ఒక్కటే: ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలి. ఒకరి భుజం మీద వేలాడే మనిషితో ఎంత గొప్ప డాన్సరైనా రెండో పాటకే అలసిపోతారు.

షూస్ గురించి చర్చలు అవసరానికి మించి సాగుతాయి. పాదం మీద తిరగాలి కాబట్టి నేలకు అంటుకుపోయే రబ్బరు అడుగు పనికిరాదు, తోలు అడుగున్నది ఏదైనా చాలు. ఖరీదైన జత కొనడానికి తొందరేమీ లేదు.

వినడం కూడా సాధనే

ఇంటి దగ్గర ఒంటరిగా చేయగలిగిన సాధనల్లో అన్నిటికన్నా లాభసాటిది వినడం. మిలోంగాల్లో మోగే సంగీతం ఎక్కువ భాగం ఆ స్వర్ణయుగం నాటి రికార్డింగులే. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆనాటి గ్రామఫోన్ రికార్డుకు ఒక వైపున మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు కాబట్టి పాటలన్నీ ఇంచుమించు ఆ నిడివిలోనే ఉంటాయి. డీజే వాటిని తాండాలుగా కడతారు. ఒకే ఆర్కెస్ట్రా, దాదాపు ఒకే కాలం, ఒకే ధోరణి ఉన్న నాలుగు టాంగోలు ఒక తాండా. మూడు దెబ్బల వాల్స్, చురుకైన మిలోంగా రకం పాటలైతే మామూలుగా మూడేసి. తాండాకూ తాండాకూ మధ్య డాన్స్‌కు పనికిరాని ఏదో ఒక సంగీతం అర నిమిషం నుంచి నిమిషం దాకా మోగుతుంది. దాన్ని కొర్తీనా అంటారు.

ఆర్కెస్ట్రాల తేడా చెవికి తెలిస్తే డాన్స్ దానంతటదే మారిపోతుంది. దారియెన్సోలో దరువు సూదిలా గుచ్చుతుంది, అడుగులు పొట్టిగా పడతాయి. కార్లోస్ ది సార్లి దగ్గర వయొలిన్లు పొడవుగా సాగుతాయి, కింద పియానో నడిపిస్తుంటుంది. కొత్తవాళ్లు నడక సాధన చేయడానికి ఇంతకన్నా అనువైన సంగీతం లేదు. అనిబాల్ త్రోయ్లో ఒకే పాటలో రెండు మూడు మనఃస్థితులు మారుస్తాడు. ఓస్వాల్దో పుగ్లియేసె దగ్గర లయ ఒక్కోసారి దాదాపు ఆగిపోయి మళ్లీ ఎగిసిపడుతుంది. ఆయన తాండా మొదలైనప్పుడు అనుభవజ్ఞులు ఎవరితో చేయాలా అని ఆచితూచి చూసుకోవడం ఏ మిలోంగాలోనైనా గమనించవచ్చు. కొత్త లీడర్లు ఆ తాండాను కూర్చుని వింటేనే మేలు. రోజూ ప్రయాణంలో ఒక్కో ఆర్కెస్ట్రానే కొన్నాళ్లపాటు వింటే, పేరు చెప్పకుండానే గుర్తుపట్టే రోజు త్వరగానే వస్తుంది. అది వచ్చాక మిలోంగాలో భయం సగానికి తగ్గుతుంది, పాటలో తర్వాత ఏం రాబోతోందో తెలుసు కాబట్టి.

మర్యాదలు చేసే పని

తాండా, కొర్తీనాల ఏర్పాటు వినడానికి సంగీతానికి సంబంధించిందిలా ఉంటుంది గానీ, అది ప్రధానంగా మనుషులను కాపాడే ఏర్పాటు. ఒకరితో డాన్స్‌కు ఒప్పుకుంటే అది ఎప్పుడు ముగుస్తుందో ఇద్దరికీ ముందే తెలుసు. కొర్తీనా మోగగానే ఫ్లోర్ ఖాళీ అవుతుంది. నచ్చలేదన్న మాట ఎవరూ అనకుండానే ఎవరి కుర్చీకి వాళ్లు చేరుకుంటారు. నచ్చితే మరో గంట తర్వాత ఇంకో తాండా ఉండనే ఉంది. తాండా మధ్యలో ‘థాంక్యూ’ అంటే ఇక చాలు, ఆపేద్దాం అని అర్థం. తెలియక మొదటి పాట అవగానే మర్యాదకొద్దీ ఆ మాట అనేసి, అవతలి మనిషి వెళ్లిపోతుంటే బిత్తరపోయే కొత్తవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

పిలుపు పద్ధతి అంతకన్నా తెలివైంది. కొత్త తాండా మొదటి పాట మొదలైంది. ఒకరు హాలు అవతలి వైపున కూర్చున్న మనిషి కేసి చూస్తారు. ఆ మనిషి ఈ చూపును గమనించి చూపు తిప్పుకుంటే సంగతి అక్కడితో ఆగిపోతుంది. ఎవరూ లేచి వెళ్లలేదు, ఎవరూ కాదనలేదు, పక్కవాళ్లకు తెలిసింది కూడా లేదు. చూపు కలిసి నిలిస్తే, మొదటివాళ్లు తలను కొద్దిగా ఊపుతారు లేదా ఫ్లోర్ వైపు పంకిస్తారు. అవతలివాళ్లు తలూపుతారు. లీడర్ లేచి, చూపు వదలకుండా నడిచి వెళ్తారు, ఆయన దగ్గరికి వచ్చేదాకా ఫాలోవర్ కుర్చీలోంచి లేవరు. అదే వరసలో వెనక కూర్చున్న ఇంకొకరు ఆ పిలుపు తమకే అనుకుని లేచి నిలబడే ఇబ్బంది దీనివల్ల తప్పుతుంది. చూసేదాన్ని మిరాదా అని, తలూపేదాన్ని కబెసేయో అని అంటారు. ఒకరి టేబుల్ దగ్గరికి వచ్చి చేయి చాచి నిలబడితే, కాదనడానికి అవతలివాళ్లకు ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచిస్తే ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. ఒకరినొకరు ఆనుకుని పన్నెండు నిమిషాలు గడపాల్సిన వ్యవహారంలో కాదనడం తేలిక కావాలి. అప్పుడే ఒప్పుకోవడానికి అర్థం ఉంటుంది.

ఫ్లోర్ మీద తిరిగే వరసను రోండా అంటారు. ముందున్న జంటను దాటిపోకూడదు, వెనక వచ్చేవాళ్లకు అడ్డంగా ఎక్కువసేపు నిలిచిపోకూడదు. పాట మధ్యలో ఫ్లోర్ మీదికి దిగాలంటే వస్తున్న లీడర్ కంట్లో పడి, ఆయన సరేనన్నట్టు చూశాకే దిగాలి. గట్టి డాన్సర్లను గుర్తుపట్టాలంటే హాలు మూలల్లో చూడాలి. అక్కడే చోటు ముడుచుకుపోతుంది. చేతగానివాళ్లు కంగారుపడి లోపలి వరసలోకి దూరతారు. చేతనైనవాళ్లు నిలబడ్డ చోటే బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, దాన్నే పాటకు అనుగుణంగా మలుస్తూ, చోటు దొరికేదాకా ఆగుతారు. చూసేవాళ్లకు అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఫ్లోర్ మీద పాఠాలు చెప్పకూడదన్నది ఎక్కువగా ఉల్లంఘనకు గురయ్యే నియమం. అడక్కుండా సలహాలిచ్చే లీడర్లు అన్ని చోట్లా ఉంటారు. విచిత్రమేమిటంటే వాళ్లలో నిజంగా బాగా చేసేవాళ్లు అరుదు.

చిన్న బృందాల చిక్కులు

ఈ మర్యాదలన్నీ వందలమంది వచ్చే, ఒకరికొకరు తెలియని మహానగర మిలోంగాల్లో రూపుదిద్దుకున్నవి. మిగతా ఊళ్లలో మిలోంగా అంటే అద్దెకు తీసుకున్న చిన్న హాలు, పాతిక ముప్పై మంది. అందరికీ అందరూ తెలుసు. అక్కడికి ఈ ఏర్పాట్లను ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చిపెడితే కొన్ని పనిచేస్తాయి, కొన్ని అడ్డం తిరుగుతాయి.

కబెసేయోనే తీసుకోండి. దానికి వెలుతురు కావాలి, ఎదురెదురుగా కనిపించేలా కుర్చీలుండాలి. నిర్వాహకులు కళ కోసం దీపాలు తగ్గించేసి, అందరూ చూపుతోనే పిలుచుకోవాలని బోర్డు పెడితే ఎవరి చూపు ఎవరికి ఆనుతుంది? కొత్తవాళ్లకు ఇంకో చిక్కు. వాళ్ల మొహం ఎవరికీ తెలియదు కాబట్టి వాళ్ల కేసి ఎవరూ చూడరు. కాదనడాన్ని తేలిక చేసే ఆ పనిముట్టే పట్టించుకోకపోవడాన్నీ తేలిక చేసేస్తుంది. పాతవాళ్లు ఒక టేబుల్ చుట్టూ చేరి తమలో తామే తాండాలు పంచుకుంటుంటే, కొత్తగా వచ్చిన మనిషికి అది మూసిన తలుపే. వాళ్లకు ఎవరినీ అవమానించే ఉద్దేశం ఉండదు. వారమంతా పనిచేసి వచ్చారు, నచ్చినవాళ్లతో నాలుగు తాండాలు చేసుకోవాలనుకుంటారు. తప్పు పట్టడానికి లేదు. ఫలితం మాత్రం అదే.

రెండో చిక్కు లీడర్లూ ఫాలోవర్ల సంఖ్య. చాలాచోట్ల ఫాలో అయ్యేవాళ్లు ఎక్కువ, లీడ్ చేసేవాళ్లు తక్కువ. దీనివల్ల కొత్త లీడర్లకు డాన్స్ అరకొరగా వచ్చినా గిరాకీకి లోటుండదు, బాగా చేసే ఫాలోవర్లు సైతం కూర్చోవాల్సి వస్తుంది. కొత్త లీడర్లకు మొదటి ఏడాది నరకమని, ఫాలోవర్లకు ఆ కష్టం తర్వాత మొదలవుతుందని ఓ మాట చెబుతారు. అందులో నిజముంది. లీడర్ ఒకేసారి పాట, అడుగు, ముందున్న జంట, వెనకున్న జంట అన్నీ చూసుకోవాలి. ఫాలోవర్ మంచి లీడర్ చేతిలో తొలి నెలలోనే బాగా చేసినట్టు కనిపించవచ్చు, తన సొంత నడకలోని లోపాలు ఆ తర్వాతెప్పుడో బయటపడతాయి.

అందరూ రెండు పాత్రలూ నేర్చుకోవడం ఈ చిక్కుకు ఉన్నవాటిలో మంచి విరుగుడు. స్వర్ణయుగంలో కుర్రాళ్లు చేసిందీ అదే కాబట్టి సంప్రదాయానికి విరుద్ధమన్న వాదన నిలబడదు. 2001లో జర్మనీలోని హాంబర్గ్‌లో క్వీర్ టాంగో ఉత్సవం మొదలయ్యాక పాత్రకూ లింగానికీ ముడి లేదన్న ఆలోచన ఊపందుకుంది. ఇప్పుడు చాలా నగరాల్లో ఆడవాళ్లు లీడ్ చేయడం, ఇద్దరు మగవాళ్లు కలిసి చేయడం మామూలే. ఇంకా నొసలు చిట్లించే మిలోంగాలూ ఉన్నాయి. ముందే కనుక్కుని వెళ్లడం మంచిది.

మూడోది కొంచెం బరువైన విషయం. కౌగిలి ఉన్న చోట దాన్ని దుర్వినియోగం చేసేవాళ్లూ చేరతారు. చూపు తిప్పుకోవడం, తాండా ముగియడం లాంటి ఏర్పాట్లు కొంతవరకే కాపాడతాయి. వాటికి మించి, ఫిర్యాదు వస్తే ఎవరితో చెప్పాలో, ఏం చర్య ఉంటుందో నిర్వాహకులు తలుపు దగ్గరే స్పష్టంగా రాసిపెట్టిన చోట జనం ధైర్యంగా డాన్స్ చేస్తారు. ‘మన బృందంలో అలాంటివి జరగవు’ అన్న మాట వినిపించిన చోట జాగ్రత్తగా ఉండాలి. అసౌకర్యంగా ఉంటే తాండా పూర్తయ్యేదాకా ఓపిక పట్టాల్సిన పనిలేదు. పాట మధ్యలో ఆపేసి వచ్చేయవచ్చు. ఏ మర్యాదా దాన్ని కాదనదు.

లోపలికి దారి

కొత్తవాళ్లు మొదట పట్టుకోవాల్సింది ప్రాక్టికా. అక్కడ ఆగి మాట్లాడుకోవచ్చు, అడగవచ్చు, తప్పు చేసి మళ్లీ చేయవచ్చు, పాత్రలు మార్చుకోవచ్చు. పాత పేట క్లబ్బుల్లో జరిగిన పని ఎంతో కొంత జరిగేది ఇక్కడే. క్లాసుకు రెండు గంటలు పెట్టేవాళ్లు ప్రాక్టికాకు కనీసం అంతే సమయం పెడితే ఫలితం తేడా తెలుస్తుంది. ఊళ్లో ప్రాక్టికా లేకపోతే నలుగురు కలిసి మొదలుపెట్టుకోవచ్చు. ఓ గది, ఓ స్పీకరు చాలు, టీచర్ కూడా అక్కర్లేదు.

జోడీ లేకుండా రావడం లోటేమీ కాదు. జంటగా వచ్చి, క్లాసంతా తమలో తామే చేసుకునేవాళ్లే మెల్లగా నేర్చుకుంటారు. ఒకరి పొరపాట్లకు మరొకరు అలవాటుపడిపోయి, అది లీడో అలవాటో తెలియకుండా పోతుంది. పదిమందితో చేస్తే పది శరీరాలు పది రకాలుగా జవాబిస్తాయి. దంపతులకైతే దీనివల్ల ఇంకో మేలుంది, ఇంట్లో వాదనలు తగ్గుతాయి.

మిలోంగాకు మొదటిసారి వెళ్లేవాళ్లు మొదలయ్యే వేళకే వెళ్లడం మంచిది. అప్పుడు ఫ్లోర్ ఖాళీగా ఉంటుంది, వచ్చినవాళ్లకు పలకరించే తీరిక ఉంటుంది. కూర్చునే చోటు ఫ్లోర్ వైపు మొహం కనిపించేలా ఉండాలి. ఫోన్ లోపల పెట్టేయాలి, స్క్రీన్ చూసే మనిషిని చూపుతో పిలవడం ఎవరి తరమూ కాదు. తెలిసిన రెండు అడుగులతో ఒక తాండా సాఫీగా చేస్తే చాలు. శుభ్రమైన బట్టలు, నోటి వాసన సంగతి చెప్పనక్కర్లేదు గానీ, చెప్పాల్సి వస్తూనే ఉంటుంది. కుర్చీలు సర్దడంలోనో తలుపు దగ్గర టికెట్లు చూడటంలోనో చేయి వేసిన మనిషి ఆ రాత్రికే అందరికీ పరిచయమైపోతారు. ‘లా కుంపర్సీతా’ వినిపించిందంటే రాత్రి ముగిసిందని లెక్క. మాంటెవీడియో వాసి హెరార్దో మాతోస్ రోద్రిగెస్ కూర్చిన ఆ టాంగోను చివరి పాటగా మోగించడం ఆనవాయితీ.

టాంగో వల్ల ఆరోగ్యం బాగుపడుతుందని ప్రచారం చేసేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2000ల చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ రోగులకు టాంగో నేర్పి, శరీరం నిలదొక్కుకునే సామర్థ్యం మెరుగుపడిందని చూపించారు. వెనక్కు నడవడం, ఆగడం, మళ్లీ మొదలుపెట్టడం, ఇరుకులో తిరగడం లాంటివన్నీ ఆ రోగులకు కష్టమైన పనులే కాబట్టి ఫలితం నమ్మదగ్గదిగానే ఉంది. అయితే ఆ పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ల సంఖ్య చిన్నది. ఆరోగ్యం కోసమే వచ్చినవాళ్లు పక్కవీధిలో జిమ్ తెరిస్తే అటు వెళ్లిపోతారు కూడా.

మర్యాదలు అన్ని దేశాల్లో ఇంచుమించు ఒకటే కావడంతో, ఒక ఊళ్లో నేర్చుకున్న మనిషి భాష రాని ఊళ్లో సైతం మిలోంగాకు వెళ్లి కూర్చుని, తలూపి లేచి, డాన్స్ చేసి రావచ్చు. ఈ సౌకర్యమే ఊరి బృందాలకు ఓ చిక్కు కూడా తెస్తోంది. రెండు మూడేళ్లలో బాగా రాటుదేలినవాళ్లు వారాంతాల్లో వేరే ఊళ్లలో జరిగే టాంగో మారథాన్లకూ (వారాంతమంతా సాగే డాన్స్ కూటాలకూ) ఉత్సవాలకూ వెళ్లడం మొదలుపెడతారు. అక్కడ స్థాయి ఎక్కువ, లీడర్లూ ఫాలోవర్లూ సరిసమానంగా ఉండేలా ముందే నమోదు చేస్తారు. తిరిగొచ్చాక ఊళ్లోని మిలోంగా చప్పగా కనిపిస్తుంది. మెల్లగా రావడం మానేస్తారు, వచ్చినా వాళ్లలో వాళ్లే చేసుకుంటారు. మిగిలిన కొత్తవాళ్లు కొత్తవాళ్లతోనే చేస్తూ ఎదగలేక ఆగిపోతారు. కొన్ని బృందాల్లో పాతవాళ్లు సాయంత్రానికి ఒక్క తాండా అయినా కొత్తవాళ్లతో చేయాలని తమలో తాము మాట అనుకున్నారు. నియమంగా రాసిపెట్టలేదు, రాసిపెడితే అది దానమైపోతుందని వాళ్లకు తెలుసు. ది సార్లి తాండా మొదలవగానే పాత లీడరో పాత ఫాలోవరో చుట్టూ చూసి, గోడవార కూర్చున్న కొత్త మొహం కేసి తలూపుతారు.